పిక్క సరే, ముందు కండరం మాటేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం ఆరోగ్యం పేజీలో కాళ్ల కండరాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. పిక్కలు పట్టేయడం గురించి బాగానే రాశారు. కానీ మోకాలి కింద పిక్క తప్ప ఇంకేమీ లేనట్టు ముగించేశారు. ముందువైపు కండరానికి ఒక్క వాక్యమైనా దక్కలేదు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా తొక్కుడు మిషన్ మీద బట్టలు కుట్టినవాణ్ణి. పెడల్‌ను మునివేళ్లతో కిందికి నొక్కేది పిక్క. మడమ ఆనించి వేళ్లవైపు పైకి లేపేది ముందెముక పక్కనే ఉండే కండరం. డాక్టర్లు దాన్ని టిబియాలిస్ యాంటీరియర్ అంటారు. అది మొరాయించాకే నాకు దాని పేరు తెలిసింది.

పోయినేడు మోకాలు వాచింది. క్రేప్ బ్యాండేజీ నేనే బిగించి కట్టుకున్నాను. ఎంత బిగిస్తే అంత తొందరగా తగ్గుతుందని నా తెలివి. నాలుగో రోజుకల్లా నడుస్తుంటే కుడి చెప్పు టపటపా కొట్టుకోవడం మొదలైంది. మడమ ఆనగానే పాదం దబ్బున నేలమీద పడేది. గడప దాటాలంటే మోకాలు ఎత్తెత్తి వేయాల్సి వచ్చేది. మిషన్ దగ్గర కూర్చుంటే వేళ్లు కిందికి పోతున్నాయి గానీ పైకి రావు. నొప్పి లేదు కదా అని పది రోజులు ఊరుకున్నాను.

డాక్టర్ మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే ఎముకను నొక్కి చూపించారు. దాన్ని చుట్టుకుని ఒక నరం చర్మం కిందనుంచే పోతుందట. నా పట్టీ సరిగ్గా అక్కడే ఒత్తింది. ఆ నరం రెండుగా చీలి, ఒక పాయ పాదాన్ని, వేళ్లను పైకి లేపే కండరాలకు, రెండోది పాదాన్ని బయటికి తిప్పే కండరాలకు వెళుతుంది. పిక్కకు వెళ్లే నరం వేరు. అందుకే మునివేళ్ల మీద నిలబడ్డాను, మడమల మీద మాత్రం ఒక్క అడుగు వేయలేకపోయాను. నరం తెగలేదు, నలిగింది అంతే. పాదం వాలకుండా బూటులో ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని, కసరత్తులు చేస్తూ మూడు నెలలకు మళ్లీ పెడల్ తొక్కాను.

మీ బొమ్మలో ఇంకో పొరపాటు. పిక్క కండరాలు రెండూ మోకాలి పైనుంచే మొదలైనట్టు గీశారు. పైకి ఉబ్బెత్తుగా కనిపించే గ్యాస్ట్రోక్నీమియస్ మాత్రమే తొడ ఎముక నుంచి వస్తుంది. దాని కింద దాగిన సోలియస్ మోకాలి దిగువనే పుడుతుంది. పైదాన్ని సాగదీయాలంటే మోకాలు చాపాలి, లోపలిదానికైతే కాస్త వంచాలి. మీరిచ్చిన వ్యాయామాల్లో మోకాలు వంచేది ఒక్కటీ లేదు.

సవరణ వేసేటప్పుడు మడమల మీద పది అడుగులు వేసి చూసుకోమని కూడా రాయండి. కొత్తగా పాదం లేవడం మానేస్తే, నొప్పి లేకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి. దానితోపాటు నడుం నొప్పి, మూత్రం పోయడంలో ఇబ్బంది ఉంటే తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

ఇట్లు,
ఒక పాత టైలర్