చిల్లంగి పేరున గడిచిపోతున్న నెలలు

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీల్లో మతిస్థిమితం కోల్పోయిన యువకుడి గురించిన వార్త వచ్చిందంటే అది కాలువలో తేలిన శవం గురించో, కత్తి పట్టుకుని వీధిలోకి వచ్చిన మనిషి గురించో అయి ఉంటుంది. అంతకుముందు ఆ ఇంట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగిన జబ్బు సంగతి మాత్రం వార్త కాదు. కోనసీమలో ఆరోగ్య శాఖ ఉద్యోగిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, చిల్లంగి (చేతబడి) అనుకుంటూ గడిపేసే, వైద్యం తేలికగా అందించగలిగిన ఆ కాలం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

సైకోసిస్, అంటే ఉన్నదేదో లేనిదేదో మనిషికి తేడా తెలియకుండా పోయే స్థితి, అరుపులతో, కేకలతో మొదలు కాదు. పదహారు నుంచి ముప్పై ఏళ్ళ మధ్య వయసులో, చాలామందిలో చడీచప్పుడు లేకుండా వస్తుంది. కుర్రాడికి రాత్రుళ్ళు నిద్ర ఉండదు, స్నేహితులతో తిరగడం మానేస్తాడు, స్నానం చేయమంటే విసుక్కుంటాడు, మార్కులు పడిపోతాయి, ఎవరైనా గుసగుసలాడితే తన గురించేనేమోనని అనుమానపడతాడు. ఇంట్లో వాళ్ళు దీన్ని పొగరనో, ప్రేమ వ్యవహారమనో, సెల్‌ఫోన్ పుణ్యమనో అనుకుంటారు. ఆ వయసు పిల్లల్లో ఇవన్నీ మామూలుగానే ఉండేవి కాబట్టి వారిని తప్పుపట్టలేం. అయితే ఈ మార్పులన్నీ కలిసి వచ్చి వారాల తరబడి ముదురుతూ పోతుంటే మాత్రం వయసు మీదికి నెట్టి ఊరుకోకూడదు. ఆ తరువాత వచ్చేవి భ్రమలు, భ్రాంతులు. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తాయి, అవీ ఊహలోని మాటల్లా కాక, పక్కగదిలో ఇద్దరు కూర్చుని తనను తిడుతున్నంత స్పష్టంగా వినిపిస్తాయి. టీవీలో వార్తలు చదివే మనిషి తన గురించే చెబుతున్నట్టు తోస్తుంది. కొందరిలో మాటకు మాటకు పొంతన తప్పుతుంది.

ఒక లంక గ్రామంలో డిగ్రీ మధ్యలో మానేసిన అబ్బాయి, తల్లి వడ్డించిన అన్నం ముట్టకుండా, పెరట్లో చెట్టెక్కి తానే దింపుకున్న బొండాల నీళ్ళు మాత్రమే తాగుతూ వచ్చాడు. కత్తి పడని కాయలో విషం కలపడం ఎవరి తరమూ కాదన్నది అతని లెక్క. ‘కన్నతల్లి విషం పెడుతుందా నాయనా?’ అని ఆవిడ ఏడిస్తే, ‘నువ్వు కాదమ్మా, నీ చేత పెట్టిస్తున్నారు’ అన్నాడు. తర్కం ఎక్కడా చెడలేదు, చెడిందల్లా అది నిలబడిన పునాది. ఈ జబ్బులో తెలివితేటలు పోతాయనుకోవడం పొరపాటు, వాదించి ఒప్పించగలమనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. తనకు జబ్బు ఉందన్న ఎరుకే రోగికి లేకపోవడం కూడా జబ్బు లక్షణాల్లో ఒకటి కాబట్టి, అతను తనంతట తాను ఆసుపత్రికి వస్తాడని ఎదురుచూడటంలో అర్థం లేదు.

ఇక కారణాల సంగతి. జ్వరం ఎలా అయితే ఒకే జబ్బు కాక పలు జబ్బులకు గుర్తో, సైకోసిస్ కూడా అంతే. స్కిజోఫ్రీనియా (ఈ భ్రమలు, భ్రాంతులు దీర్ఘకాలం సాగే జబ్బు), బైపోలార్ జబ్బు (ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చేది), తీవ్రమైన కుంగుబాటు దీని వెనుక ఉండవచ్చు. మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్, మూర్ఛ, థైరాయిడ్ లోపం, బీ12 లోపం, స్టెరాయిడ్ మందులు కూడా ఉండవచ్చు. వృద్ధుల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, రక్తంలో సోడియం తగ్గినా రెండు రోజుల్లో మనిషి మాట తీరే మారిపోతుంది. అందుకే మొదటిసారి లక్షణాలు కనిపించినప్పుడు రక్తపరీక్షలు, అవసరమైతే మెదడు స్కానింగ్ చేయించమంటారు. కాన్పయిన రెండు వారాల్లోపు, వెయ్యిమందిలో ఒకరిద్దరు తల్లులకు వచ్చే సైకోసిస్‌ను మన పల్లెల్లో బాలింతకు గాలి సోకిందని సరిపెట్టుకుంటారు. నిజానికి అది ఆ తల్లికీ పసిబిడ్డకూ ప్రాణాపాయం తేగలదు, ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. రోజూ తాగే మనిషి కాలు విరిగి ఆసుపత్రిలో చేరి, తాగుడు ఆగిన రెండో రోజో మూడో రోజో దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటుంటే, అది ఆసుపత్రిలో పట్టిన దెయ్యం కాదు. అతని తాగుడు సంగతి డాక్టరుకు దాచకుండా చెబితే ప్రాణం దక్కుతుంది.

గంజాయి గురించి వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఏజెన్సీ నుంచి కిందికి దిగే సరుకు ఇప్పుడు డెల్టాలోని కాలేజీ కుర్రాళ్ళ చేతికి చిక్కనంత దూరంలో లేదు. స్వీడన్‌లో సైన్యంలో చేరిన నలభై అయిదు వేల మందికి పైగా యువకులను పదిహేనేళ్ళ పాటు గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, యాభైసార్ల కన్నా ఎక్కువ గంజాయి తాగినవారికి, అసలు తాగనివారితో పోలిస్తే, స్కిజోఫ్రీనియా ముప్పు ఆరు రెట్లుగా తేలింది. తాగిన ప్రతివాడికీ జబ్బు వస్తుందని దీనర్థం కాదు, కానీ ఎవరికి వస్తుందో ముందుగా చెప్పగలిగినవారు లేరు. పదిహేను, పదహారేళ్ళకే మొదలుపెట్టినవారికీ, కుటుంబంలో జబ్బు ఉన్నవారికీ అపాయం మరింత ఎక్కువ.

వంశపారంపర్యం ఉన్న మాట నిజమే. తల్లిదండ్రుల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి పది. అంటే తొంభై మందికి రాదన్నమాట. ఒకే పోలిక గల కవలల్లో ఒకరికి వచ్చినా రెండో వారికి రావడం సగం మందిలోపే. పుట్టుకతో వచ్చిన బలహీనతకు చిన్ననాటి హింస, మత్తు, నిద్రలేమి, ఒంటరితనం తోడవుతాయి. సొంత దేశం వదిలి వలస వెళ్ళినవారిలో ఈ జబ్బు ఎక్కువని యూరప్ పరిశోధనలు చెప్పడం, కువైట్ నుంచి అర్ధంతరంగా తిరిగివచ్చిన ఆడవాళ్ళను చూసిన మా బోటివారికి వింతగా అనిపించదు. తల్లి పెంపకం వల్ల మాత్రం ఈ జబ్బు రాదు, చిల్లంగి వల్ల అసలే రాదు.

చిల్లంగి అనుకోవడం వల్ల నష్టం రెండు విధాలు. పక్కింటి ముసలామె ఊరికి శత్రువవుతుంది, కొందరి ప్రాణాల మీదికీ వస్తుంది. ఇంట్లోవారేమో తాయెత్తులకూ కోళ్ళకూ డబ్బు పోస్తూ, ఆ మధ్యలో ‘పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు’ అన్న మేనత్త సలహా పాటించి ఇంకో ఆడపిల్ల బతుకును కూడా ఇందులోకి లాగుతారు. చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. గుడికి వెళ్ళడాన్ని నేను కాదనను, దర్గాకూ వెళ్ళవచ్చు. ఆ వారంలోనే డాక్టరుకూ చూపించాలన్నదే నా మాట. గొలుసుతో కట్టేయడాన్ని మాత్రం ఏ పేరుతోనూ సమర్థించలేం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నవారు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది.

ఈ జబ్బుకు ఇచ్చే మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉధృతిని తగ్గిస్తాయి. మొదట నిద్ర కుదురుతుంది, మాటలు వినిపించడం తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. ఒళ్ళు బిగుసుకోవడం, చేతులు వణకడం, బరువు పెరగడం వంటి ఇబ్బందులు ఉంటాయి. మోతాదు తగ్గించి, లేదా మందు మార్చి చాలావరకు సరిచేయవచ్చు. ‘బాగానే ఉన్నాడు కదా’ అని మూడో నెలలో ఆపేయడం వల్లే ఎక్కువమందికి జబ్బు తిరగబెడుతుంది. మొదటిసారి వచ్చినా కనీసం ఒకటి రెండేళ్ళు వాడాలన్నది వైద్యుల మాట. దగ్గరలో మానసిక వైద్యుడు లేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరును జిల్లా పేజీలో ఓ మూల రోజూ వేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

అధికారులకు ఒక మనవి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు లంకలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అలాంటప్పుడు నెలలు నిండిన గర్భిణులను ముందే ఒడ్డుకు చేర్చడానికి జాబితా వేస్తారు. ఈ మందులు వాడేవారి పేర్లను కూడా ఆశా కార్యకర్తల ద్వారా, గుట్టు బయటపడకుండా సేకరించి, గోదావరి పోటెత్తక ముందే, జూన్ నెలాఖరులోగా, రెండు నెలలకు సరిపడా మాత్రలు వారి ఇళ్ళకు చేర్చాలి.

— ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా