ట్రిగ్గర్ తేలిగ్గా ఉందని మురిసిపోకు

తల్లీ,

నీ ఉత్తరం అందింది. ఫొటోలు మూడుసార్లు చూశాను. నువ్వు కొనాలనుకుంటున్న ఆ పాత పిస్టల్ చూడటానికి బాగానే ఉంది. ఫొటోలో ఏ పిస్టలైనా బాగానే ఉంటుందనుకో. అన్నీ చదువుకుంటూ వచ్చి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "ట్రిగ్గర్ ఎంత తేలిగ్గా ఉందో నాన్నా, డబుల్ యాక్షన్ ఓన్లీ అంటే నమ్మలేం" అని రాశావు. ప్రతి గుండుకీ వేలే మొత్తం బరువు లాగాల్సిన రకం అది, తేలిగ్గా ఉందంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు. అందుకే ఫోన్ చెయ్యకుండా తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "సరే నాన్నా, సరే నాన్నా" అని నాలుగు నిమిషాల్లో పెట్టేస్తావు.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. నువ్వు పుట్టకముందు సంగతి. నేను కొన్న మొదటి పాత పిస్టల్ కూడా ఇలాంటిదే. చేతిలోకి తీసుకుని, తూటా లేకుండా ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి చూశాను. నూనె రాసిన పట్టాల మీద జారినట్టు వెనక్కి వెళ్ళింది. అమ్మే ఆయన నవ్వి, "కాస్త పని చేయించానులెండి" అన్నాడు. ఏం పని, ఎవరు చేశారు, తీసేసిన భాగాలు ఏవి అని నేను అడగొద్దూ? అడగలేదు. మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్నాను.

రేంజ్‌లో మొదటి మ్యాగజైన్‌లోనే మూడో తూటా పేలలేదు. టక్‌మంది, అంతే. అర నిమిషం గురివైపే పట్టుకుని ఆగి, తర్వాత తూటా బయటికి తీసి చూశాను. తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ మీద దెబ్బ గోటితో నొక్కినంత ఉంది. పేలిన వాటి గుల్లలు ఏరి చూస్తే వాటి మీదా అంతంతమాత్రం గుంటలే. అదృష్టం కొద్దీ పేలాయన్నమాట. ఇంటికొచ్చి విప్పితే తెలిసింది. హ్యామర్‌ని, అంటే దెబ్బ కొట్టే సుత్తిని, నెట్టే స్ప్రింగ్‌ని ఎవరో రెండు చుట్లు కత్తిరించి, తెగిన కొసని ఆకురాయితో రాశారు. కంపెనీ స్ప్రింగ్ తెప్పించి వేశాక ఒక్కటీ తప్పలేదు. ట్రిగ్గర్ మాత్రం ఉండాల్సినంత బరువెక్కి కూర్చుంది. నేను మురిసి కొనుక్కున్న ఆ తేలికంతా తెగిపోయిన ఆ రెండు చుట్లే.

ఎందుకలా అంటావా? మామూలు డబుల్ యాక్షన్ పిస్టల్‌లో మొదటి గుండుకే నీ వేలు హ్యామర్‌ని వెనక్కి లాగాలి. ఆ తర్వాత ప్రతిసారీ పిస్టల్ పైన జారే భాగం, అదే స్లైడ్, వెనక్కి పోతూ దాన్ని ఎక్కుపెట్టి ఉంచుతుంది. అందుకే మొదటిది బరువు, మిగతావి తేలిక. డబుల్ యాక్షన్ ఓన్లీలో ఎక్కుపెట్టి నిలబెట్టే గాడి ఉండదు. ప్రతి గుండుకీ నీ వేలే స్ప్రింగ్‌ని నొక్కి, చివరికి వదలాలి. ప్రైమర్‌ని కొట్టే బలం ఎక్కణ్ణించో ఊడిపడదు, అది నీ వేలు పెట్టిన కష్టమే. లోపలి రాపిడి తగ్గించి ట్రిగ్గర్‌ని తేలిక చేస్తే అది పనితనం. స్ప్రింగ్ తగ్గించి తేలిక చేస్తే ప్రైమర్‌కి పడాల్సిన దెబ్బలోంచి దొంగిలించినట్టే. రెండూ వేలికి ఒకేలా తోస్తాయి. అక్కడే నేను మోసపోయింది.

ఇంత బరువు పెట్టుకోవడం ఎందుకని నువ్వే ఒకసారి అడిగావు, మన పొట్టి రివాల్వర్ పట్టుకుని. స్మిత్ అండ్ వెసన్ 642 అది, దాని హ్యామర్ ఫ్రేమ్ లోపలే దాక్కుని ఉంటుంది, బొటనవేలితో ఎక్కుపెట్టే వీలే లేదు. ఈ ఆలోచన పాతదే. 1938లో బ్రిటిష్ సైన్యం తన ఎన్‌ఫీల్డ్ రివాల్వర్‌కి హ్యామర్ కొమ్ము తీసేసి ఇలాగే మార్చింది. ట్యాంకుల్లో ఇరుక్కుని కూర్చునే వాళ్ళకి ఆ కొమ్ము ఎక్కడపడితే అక్కడ తగులుకునేదట. తర్వాత 1980లు, 90ల్లో అమెరికా పోలీసులు రివాల్వర్లు వదిలి పిస్టళ్ళకి మారుతున్నప్పుడు బెరెట్టా 92డి లాంటివి వచ్చాయి. మొదటి గుండూ చివరి గుండూ ఒకే లాగుడు, ఎక్కుపెట్టి మరిచిపోవడమనే మాటే లేదు. నాకైతే ఆ పద్ధతి నచ్చుతుంది. అది ఇష్టమే, వాదించను.

ఇప్పుడు నీ పిస్టల్ దగ్గరికొద్దాం. మోడల్ పేరు రాయలేదు నువ్వు. అది తెలియకుండా తేలికో బరువో చెప్పడం కష్టం. పాత తరం వాటిలో 8 నుంచి 12 పౌండ్లు, అంటే సుమారు మూడున్నర నుంచి అయిదున్నర కిలోల లాగుడు మామూలే. తర్వాత వచ్చిన వాటిలో ఆరు, ఆరున్నర పౌండ్లవీ ఉన్నాయి. సిగ్ సావర్ వాళ్ళ డాక్ ట్రిగ్గర్ ఆ కోవలోదే. కాబట్టి ముందు ఆ మోడల్‌కి కంపెనీ చెప్పిన లెక్క ఎంతో చూసుకో. దానికంటే ఒక పౌండు అటూ ఇటూ ఉంటే పట్టించుకోకు. మూడు పౌండ్లు తక్కువుంటే మాత్రం ఆ తేలిక ఎక్కణ్ణించి వచ్చిందో అడగాల్సిందే.

ఇంకో తిరకాసు ఉంది. డబుల్ యాక్షన్ ఓన్లీ అని పేరున్న ప్రతిదీ ఒకేలా పనిచెయ్యదు. పాత రూగర్ ఎల్‌సిపి ఉంది కదా, తూటాలు లేకుండా 300 గ్రాములు కూడా తూగని బుల్లిది. దాని హ్యామర్‌ని సగం దాకా స్లైడే ఎక్కుపెడుతుంది, మిగతా సగమే నీ వేలి పని. ఒకసారి ఖాళీగా నొక్కాక మళ్ళీ నొక్కితే ట్రిగ్గర్ చచ్చినట్టు వేలాడుతుంది. అది చెడిపోవడం కాదు, స్లైడ్ లాగితే సరి. హెక్లర్ అండ్ కాక్ ఎల్‌ఈఎం ట్రిగ్గర్ దీనికి తిరగబడ్డ రకం. స్లైడ్ లాగి నొక్కితే పొడుగ్గా, తేలిగ్గా వస్తుంది. లాగకుండా రెండోసారి నొక్కినా పనిచేస్తుంది గానీ బాగా బరువుగా ఉంటుంది. నువ్వు ఏ స్థితిలో నొక్కి చూశావో గుర్తుందా? ఇలాంటిదే అయ్యుంటే నా అనుమానమంతా గాలికే పోతుంది, సంతోషిస్తాను.

సరే, ఈసారి వెళ్ళినప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. మ్యాగజైన్ తీసెయ్యి, స్లైడ్ లాగి నిలిపి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూడు, చిటికెన వేలు పెట్టి తడుము. అమ్మే ఆయన ఇప్పుడే చూపించాడు కదా అనుకోకు, మళ్ళీ నీ చేత్తో చూడు. అక్కడున్న తూటాలన్నీ వేరే గదిలో పెట్టించు. ఖాళీగా నొక్కి చూడొచ్చా అని ముందు అడుగు. ఇప్పటి సెంటర్‌ఫైర్ పిస్టళ్ళకి, అంటే తూటా అడుగు మధ్యలో ప్రైమర్ ఉండే వాటికి, అది పెద్దగా హాని చెయ్యదు గానీ స్నాప్ క్యాప్ అనే ఉత్తుత్తి తూటా వేసి నొక్కడం మర్యాద. వద్దని ఆయన ఖచ్చితంగా అంటే ఇంక అక్కడ పనేం లేదు, వచ్చెయ్. ట్రిగ్గర్ నొక్కి చూడకుండా ఈ రకం పిస్టల్ కొనడమంటే నడిపి చూడకుండా బండి కొన్నట్టే.

తర్వాత నెమ్మదిగా నొక్కు. నెమ్మదిగా అంటే ఒక్క లాగుడికి అయిదారు సెకన్లు. గబుక్కున లాగితే ఏ ట్రిగ్గరైనా బాగానే అనిపిస్తుంది, లోపలున్న గతుకులన్నీ వేగంలో కలిసిపోతాయి. కళ్ళు మూసుకుని అయినా సరే ఇరవై సార్లు లాగు. మొదట ఏ పట్టూ లేని కాస్త వదులు, తర్వాత స్ప్రింగ్ బరువు, ఆ బరువు చివరిదాకా సమంగా సాగిందా, లేక ఆఖర్లో ఒక్కసారి గోడలా అడ్డుపడిందా? చివర్లో బరువెక్కే ట్రిగ్గర్ చెయ్యి వణికిస్తుంది, గురి తప్పేది అక్కడే. మధ్యలో ఒకేచోట ప్రతిసారీ గుర్రుమని తగులుతుంటే అది లోహం మీద లోహం అరిగిన గుర్తు, దాని సంగతి చూడాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఇసుక నలిగినట్టు గరగరలాడితే భయపడకు, చాలావరకు అది మురికే.

ఈ చివరి మాట తెలియక నేను ఒక మంచి పిస్టల్ పోగొట్టుకున్నాను. మొదటిదాంతో మోసపోయానన్న కసి మీద, రెండోసారి చూసినదాన్ని గరగరలాడుతోందని పక్కన పెట్టేశాను. నా మిత్రుడు దాన్నే కొని, విప్పి, లోపల గడ్డకట్టిన పాత గ్రీజుని బ్రష్షుతో గీకి, ట్రిగ్గర్ లాగుడుని లోపలికి చేరవేసే కడ్డీ, ట్రిగ్గర్ బార్ మీద రెండు చుక్కలు నూనె వేశాడు. మర్నాడు నాకిచ్చి నొక్కమన్నాడు. నాలుగున్నర కిలోల లాగుడది, కానీ మొదట్నించి చివరిదాకా ఒకే ఒక గీత గీసినట్టు వచ్చింది. వాడు ఇప్పటికీ దాన్నే కాలుస్తాడు, కాల్చినప్పుడల్లా నా వంక చూస్తాడు. బరువు చూసి వదిలెయ్యకు, తేలిక చూసి పడిపోకు. సమంగా ఉందా లేదా అన్నదే చూడు. బరువుకి వేలు అలవాటు పడుతుంది, గతుక్కి పడదు.

స్ప్రింగ్ సంగతి తేల్చుకోవడానికి ఒక పెన్సిల్ పట్టుకెళ్ళు, వెనక రబ్బరున్నది. 9 ఎంఎం బ్యారెల్‌లోకి అది సులువుగా జారుతుంది. ఖాళీ అని మళ్ళీ చూసుకుని, స్లైడ్ ముందుకి పోనిచ్చి, బ్యారెల్‌ని నిటారుగా పైకి పట్టి, మొహం పక్కకి పెట్టుకుని, రబ్బరు కిందికుండేలా పెన్సిల్ జారవిడిచి ట్రిగ్గర్ లాగు. ప్రైమర్‌ని కొట్టే సూది, అదే ఫైరింగ్ పిన్, రబ్బరుని కొడుతుంది. దెబ్బలో బలముంటే పెన్సిల్ ఎగిరి బయటపడుతుంది. లోపలే బద్ధకంగా గెంతి ఊరుకుంటే నా పాత పిస్టల్ గుర్తు తెచ్చుకో. ఇది తూకం వేసినంత ఖచ్చితం కాదు గానీ, ఆ రోజు నా జేబులో పెన్సిల్ ఉండుంటే బాగుండేది.

ట్రిగ్గర్ లాగుడు బరువు తూచే పుల్ గేజ్ కూడా పంపుతున్నాను, నా పాతదే. కొక్కెం ప్రతిసారీ ట్రిగ్గర్ వంపు మధ్యలోనే తగిలించు. కిందికి జారితే తక్కువ చూపిస్తుంది, పైకి పోతే ఎక్కువ. నేరుగా వెనక్కి, నెమ్మదిగా, అయిదుసార్లు లాగి అయిదూ రాసుకో. సగటు కంటే నాకు ఆ అయిదింటి మధ్య తేడాయే ముఖ్యం.

నీ చెయ్యి చిన్నది, అది కూడా చూసుకోవాలి. ఈ రకంలో ట్రిగ్గర్ చాలా ముందుకి ఉంటుంది. పిస్టల్‌ని మణికట్టుతో తిన్నగా పట్టినప్పుడు నీ వేలి మొదటి కణుపు గీత ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలి కొస మాత్రమే అందుతుంటే, అందుకోవడానికి పిడిని అరచేతిలో పక్కకి తిప్పాల్సి వస్తుంటే, ఎంత మంచి ట్రిగ్గరైనా అది నీది కాదు. అందితే, ముందు సైటు మీద ఒక ఖాళీ గుల్లని నిలబెట్టించుకుని నొక్కు. పదిసార్లలో ఎన్నిసార్లు పడకుండా ఉందో చూడు. మొదట్లో నాకు మూడుసార్లు నిలిచింది, సిగ్గుపడకు.

వదలడం కూడా గమనించు. మన రివాల్వర్‌తో నీకున్న అలవాటు ఇక్కడ పనికొస్తుంది. వేలిని పూర్తిగా ముందుకి రానివ్వకుండా హడావిడిగా మళ్ళీ లాగితే ఏమీ జరగదు, ఆ చిన్న క్లిక్ వినపడేదాకా వదలాలి. ఆ క్లిక్ ప్రతిసారీ ఒకేచోట వస్తోందా, ట్రిగ్గర్ తనంతట తను ముందుకి చురుగ్గా వస్తోందా, బద్ధకంగా పాకుతోందా చూడు.

మిగతావి నీకు తెలిసినవే. బ్యారెల్ లోపల టార్చి వేసి చూడు, ఫ్రేము మీద పగుళ్ళు, తూటాలని పట్టి ఉంచే మ్యాగజైన్ పై అంచులు వంకరపోవడం, స్క్రూల తలలు చితికి ఉండటం. తలలు చితికితే ఎవరో తెలియనివాడు లోపలికి దూరాడని అర్థం. సీరియల్ నంబరు కాగితాల్లో ఉన్నదీ లోహం మీద ఉన్నదీ ఒకటేనా అని చదివి చూసుకో, లైసెన్సు, బదిలీ పనులు పూర్తయ్యేదాకా డబ్బు ఇవ్వకు.

ఇక ఆయన్ని ఒక్కటి అడుగు, నేను అడగనిది: "దీనికి కంపెనీ స్ప్రింగ్ ఉందా, మార్చారా? మార్చితే పాతది ఉందా?" ఉంది, ఇదిగో అని తీసి చేతిలో పెడితే ఆ మనిషిని నమ్మొచ్చు. అప్పుడు ఆ కంపెనీ స్ప్రింగ్ వేయించి, ఆ బరువుతో నొక్కి చూసి, అప్పుడు కూడా నచ్చితే కొనుక్కో.

మోడల్ పేరు, గేజ్‌లో వచ్చిన అయిదు అంకెలు, పెన్సిల్ ఎంత ఎగిరిందో రాయి. అమ్మ అడుగుతోంది, ఇంతకీ పెన్సిల్ తిరిగొచ్చి ఎవరి మీద పడుతుందని. పక్కకి నిలబడమని చెప్పానన్నాను.

నాన్న