మీ ఆస్పత్రి స్విచ్‌ల సంగతి

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ మామా,

మీ ఆస్పత్రి నెట్‌వర్క్‌లో రెండు ఫైబర్ల మీదా లోడు పంచడానికి ఎంఎస్టీ (మల్టిపుల్ స్పానింగ్ ట్రీ) ఎలా పెట్టాలని నువ్వు అడిగింది ఫోన్లోనే చెబుదామనుకున్నా. కానీ ట్రంక్, రీజియన్ అని మొదలుపెడితే సగంలోనే "సరే సరే, చూస్తాలే" అనేస్తావు. నీ సంగతి నాకు తెలీదా? అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మీ చిత్తూరు ఆస్పత్రిలో రెండు కోర్ స్విచ్‌లు (అన్ని అంతస్తుల నెట్ వచ్చి కలిసే నడిమి స్విచ్‌లు) ఉన్నాయని, ప్రతి అంతస్తు స్విచ్ నుంచి రెండింటికీ ఒక్కో ఫైబర్ లాగారని చెప్పావు. అంటే డేటా తిరిగి తిరిగి అక్కడే చుట్టే లూపులు తప్పవు, స్పానింగ్ ట్రీ లేకుండా ఒక్క నిమిషం కూడా బతకలేవు. 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన పద్ధతి అది. అదనపు దారిని మూసి ఉంచుతుంది, వాడే దారి తెగితే దాన్ని తెరుస్తుంది. కాకపోతే అలా తెరిచి ఉంచిన దారుల చెట్టు ఒక్కటే కాబట్టి లోడంతా ఒక ఫైబర్ మీదే పడుతుంది. అంత డబ్బు పోసి వేయించిన రెండోది ఊరికే పడి ఉంటుంది. పోనీ వీల్యాన్‌కో (అవే తీగల మీద విడిగా నడిచే ఒక్కో నెట్‌వర్క్‌కో) చెట్టు పెడదామంటే, నలభై వీల్యాన్లకు నలభై చెట్లు, చిన్న స్విచ్‌లు అంత బరువు మోయలేవు. మనకున్న దారులు రెండే కదా, నలభై చెట్లెందుకు? ఎంఎస్టీలో వీల్యాన్లను గుంపులుగా విడదీసి గుంపుకో చెట్టు ఇస్తాం. ఆ గుంపునే ఇన్‌స్టెన్స్ అంటారు.

మన తిరుమల ఘాట్ రోడ్లు చూడు. 1944 నాటి పాత దారిలో బళ్లు దిగుతాయి, 1974లో వేసిన రెండో దారిలో ఎక్కుతాయి. రెండూ రోజూ పనిలో ఉన్నవే. 2021 డిసెంబరులో ఎక్కే దారి మీద బండరాళ్లు పడితే బళ్లను పాత దారికి మళ్లించారు. నీకు కావలసిందీ అదే. బిల్లింగ్, ల్యాబ్ ఒక కోర్ మీదుగా, కెమెరాలు, వైఫై రెండో దాని మీదుగా పోవాలి. ఒకటి పడితే అన్నీ రెండో దాంట్లోకి రావాలి.

కమాండ్లు పది లైన్లుండవు, వాటికి టెన్షన్ పడకు. తలనొప్పంతా రీజియన్ దగ్గర, అంటే ఒకే అమరికతో కలిసి నడిచే స్విచ్‌ల బృందం దగ్గర. రీజియన్ పేరు, రివిజన్ నంబరు, ఏ వీల్యాన్ ఏ ఇన్‌స్టెన్స్‌లో ఉందనే పట్టిక, ఈ మూడూ అన్ని స్విచ్‌లలో అచ్చంగా ఒకేలా ఉండాలి. పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వచ్చినా ఆ స్విచ్ వేరుపడుతుంది. పట్టిక మొత్తాన్ని ఒకదాంతో ఒకటి చెప్పుకోవు, దాని నుంచి లెక్కకట్టిన 16 బైట్ల డైజెస్ట్‌ను మాత్రం పంపుకుంటాయి. ఒక్క వీల్యాన్ అటూఇటూ అయినా డైజెస్ట్ మారిపోతుంది. వేరుపడినంత మాత్రాన నెట్ ఆగదు మామా, అందుకే ఎవరికీ తెలియదు. ఆ స్విచ్ వైపు అన్ని గుంపులూ ఒకే దారిలో పోతుంటాయి, నువ్వేమో లోడు పంచేశానని హాయిగా ఉంటావు.

కాబట్టి నా మాట విని, ఇప్పుడున్న వీల్యాన్లను మాత్రమే మ్యాప్ చేసి ఊరుకోకు. ముందు ముందు వచ్చేవాటికీ ఇప్పుడే చోటు చూపించు. 10 నుంచి 499 దాకా ఇన్‌స్టెన్స్ 1, 500 నుంచి 999 దాకా ఇన్‌స్టెన్స్ 2, ఇలా. ఇంకా పుట్టని వీల్యాన్‌ను కూడా మ్యాప్ చేయొచ్చు. లేకపోతే కొత్త వీల్యాన్ వచ్చినప్పుడల్లా అన్ని స్విచ్‌లలో పట్టిక మార్చాలి, మార్చిన ప్రతిసారీ చెట్లు మళ్లీ లెక్కలేసుకుంటాయి. ఆస్పత్రిలో పట్టపగలు ఆ పని చేస్తే డాక్టర్లు నిన్ను వదలరు. మేము గంగజాతర సెలవు రోజు చూసుకుని చేశాం.

రూట్‌ను, అంటే చెట్టుకు మొదలుగా ఉండే స్విచ్‌ను మాత్రం అదృష్టానికి వదిలేయకు. ప్రయారిటీ నంబరు తక్కువున్నదే రూట్, అది అన్నిటికీ 32768 ఉంటే తక్కువ మ్యాక్ (ఫ్యాక్టరీలో ఇచ్చిన చిరునామా) ఉన్నది రూట్ అవుతుంది. అది చాలాసార్లు మూలన పడున్న పాత స్విచ్చే అవుతుంది. ఇన్‌స్టెన్స్ 1లో మొదటి కోర్‌కు 24576, రెండో దానికి 28672 ఇవ్వు, ఇన్‌స్టెన్స్ 2లో తిప్పి ఇవ్వు. ఇన్‌స్టెన్స్ 0 అని ఒకటి ఎప్పుడూ ఉంటుంది, దానికీ రూట్ పెట్టడం మరిచిపోవద్దు. సిస్కో స్విచ్‌లో ఇన్‌స్టెన్స్ 1కు 24576 కొడితే తెర మీద 24577 అని కనిపిస్తుంది, కంగారుపడకు, ఇన్‌స్టెన్స్ నంబరు కలిపి చూపిస్తుందంతే.

ఇప్పుడు మా కాలేజీ హాస్టల్లో జరిగింది విను. కెమెరాలు పెట్టిన కాంట్రాక్టర్ ఒకాయన, వాళ్ల వీల్యాన్ ఒక ఫైబర్ మీద పోతే చాలని రెండో కోర్‌కు పోయే ట్రంక్‌లోంచి (వీల్యాన్లన్నిటినీ మోసే లింకులోంచి) దాన్ని తీసేశాడు. ఆ వీల్యాన్ ఉన్నది ఇన్‌స్టెన్స్ 2లో, దాని రూట్ రెండో కోర్. అంటే చెట్టు తెరిచిన దారిలో వీల్యాన్ లేదు, వీల్యాన్ ఉన్న దారిని చెట్టు మూసేసింది! రెండు లైట్లూ పచ్చగా మినుకుమంటున్నాయి, పిల్లల వైఫై బ్రహ్మాండంగా నడుస్తోంది, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. కెమెరాలు మాత్రం నల్లగా. కాంట్రాక్టరేమో కేబుల్ పోయిందని ప్యాచ్ కార్డులు మారుస్తూ కూర్చున్నాడు. చివరికి ట్రంక్ వివరాలు తీయిస్తే, అడుగున ఫార్వర్డ్ అవుతున్న వీల్యాన్ల వరుసలో రెండు పోర్టుల దగ్గరా ఆ నంబరు లేదు. ఎంఎస్టీ చెట్టు ఇన్‌స్టెన్స్‌కే గానీ వీల్యాన్‌కు కాదు. ట్రంక్‌లో నువ్వేం తీసేశావో దానికి పట్టదు. ఒక ఇన్‌స్టెన్స్‌లో ఉన్న వీల్యాన్లన్నీ రెండు ట్రంకుల మీదా ఉంచు, తీస్తే రెండింట్లోంచీ తీయి.

కంప్యూటర్లు, ప్రింటర్లు తగిలించే పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (పోర్టు వెంటనే తెరుచుకోవడానికి), బీపీడీయూ గార్డ్ (అక్కడ వేరే స్విచ్ తగిలిస్తే పోర్టు మూసేయడానికి) పెట్టు. వార్డులో ఎవరో ఒకరు చిన్న స్విచ్ తెచ్చి గుచ్చకుండా ఉండరు.

మార్చే ముందు అన్ని స్విచ్‌ల డైజెస్ట్ ఫొటోలు తీసి నాకు పంపు. ఇద్దరం కలిసి పోల్చి చూద్దాం. నువ్వు మార్చే రాత్రి నేను మెలకువగానే ఉంటాను, మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి. అమ్మను అడిగానని చెప్పు.

ఉంటాను రా.