ఫార్మాట్ కొట్టనివ్వకుండా నా సిస్టమ్ నిలబెట్టిన మాస్టారికి

నిన్న సాయంత్రం ఆఖరి శుభలేఖ ప్రూఫు పెళ్ళివారి చేతిలో పెట్టాక కుర్చీలో కూలబడ్డాను. మాస్టారికి సరిగ్గా థ్యాంక్స్ కూడా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే "దానికేముందమ్మా, ముందు పని చూసుకో" అని పెట్టేశారు. అందుకే ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే ఆయన చేసిన సాయం ఎంతటిదో తెలియాలంటే జరిగిందంతా చెప్పాలి, పైగా నాలాంటి షాపులవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుంది.

మాది తణుకులో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, ఇవే. ఇప్పటికీ పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకి అనూ ఫాంట్సే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అయినా నా చెయ్యి తిరిగింది అందులోనే, మా ప్రెస్సువాళ్ళు అడిగేదీ ఆ ఫైళ్ళే. ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్, పోయినేడాది మా అబ్బాయి కొనిచ్చాడు, దానికి పెద్ద మానిటర్ తగిలించుకుని పని చేసుకుంటాను. మాఘమాసం ముహూర్తాలు కదా, తొమ్మిది పెళ్ళిళ్ళ మాటర్ డెస్క్‌టాప్ మీదే ఉంది. బ్యాకప్ లేదు.

మంగళవారం రాత్రి ఒక పెళ్ళివారు పేర్లు, వరుసలు వాయిస్ మెసేజ్‌లో పంపారు. ల్యాప్‌టాప్‌లో సౌండు రాలేదు. ఫోన్‌లో విని రాసుకుంటే సరిపోయేది, కానీ రేపు కూడా ఇదే గొడవ కదా అని నెట్‌లో వెతికాను. డ్రైవర్లు, అంటే సౌండు, తెర, వైఫై లాంటి భాగాల్ని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాములు, పాతబడితే ఇలా అవుతుందని, అన్నీ ఉచితంగా అప్‌డేట్ చేస్తామని ఒక సాఫ్ట్‌వేర్ ముందుకొచ్చింది. వేశాను. స్కాన్ చేసి 27 డ్రైవర్లు పాతవని ఎర్ర అక్షరాల్లో చూపించింది. కింద ఆకుపచ్చ బటన్, అన్నీ ఒకేసారి అప్‌డేట్ చెయ్యమని. నొక్కేశాను. మధ్యలో రెండుసార్లు స్క్రీన్ ఆరి వెలిగింది, తర్వాత రీస్టార్ట్ అడిగింది, ఇచ్చాను. కంపెనీ లోగో వచ్చింది, చుక్కలు గుండ్రంగా తిరిగాయి, ఆ తర్వాత అంతా నలుపు. ఇంకోసారి ఆన్ చేస్తే నీలం రంగు తెర, దాని మీద వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అని. మళ్ళీ నలుపు.

పొద్దున్నే బజార్లో ఒక షాపుకి తీసుకెళ్తే పట్టుమని రెండు నిమిషాలు చూసి, ఫార్మాట్ కొట్టాలి, అంటే డిస్కంతా చెరిపేసి విండోస్ మళ్ళీ వెయ్యాలి, డేటాకి గ్యారంటీ లేదు అన్నారు. ఎవర్ని అడిగినా అదే మాట. ఏం వచ్చినా మందు ఫార్మాటే. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంటికొచ్చి ఆర్డర్ల పుస్తకం తిరగేస్తూ కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఎవరున్నారా అని చూస్తే, రెండేళ్ళ కిందట నా దగ్గర గృహప్రవేశం కార్డులు వేయించుకున్న మాస్టారి నంబరు దొరికింది. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను గుర్తున్నానో లేదో అనుకుంటూనే చేశాను.

ఆయన అడిగిన మొదటి మాట: "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందమ్మా?" షాపులో ఎవరూ నన్ను ఈ మాట అడగలేదు. చెప్పాను. "అయితే హార్డ్ డిస్కూ పోలేదు, విండోసూ పోలేదు. మారింది డ్రైవర్లు. మారినదాన్ని వెనక్కి తిప్పుదాం. ఫార్మాట్ మాట ఎత్తకు" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ వీడియో కాల్. మానిటర్ వైరు పీకెయ్యమన్నారు. నల్ల తెర మీదే క్యాప్స్ లాక్ నొక్కమన్నారు. చిన్న లైటు వెలిగింది, మళ్ళీ నొక్కితే ఆరింది. "చూశావా, లోపల సిస్టమ్ బతికే ఉంది, బొమ్మే రావడం లేదు" అన్నారు. తర్వాత విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కించారు. తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని (డిస్‌ప్లే డ్రైవర్ అన్నా అదే) మళ్ళీ లేపే కీలట అవి. టక్కున చిన్న బీప్ వచ్చింది, తెర ఒక్క క్షణం మెరిసి మళ్ళీ చీకటైపోయింది. దాంతో తప్పంతా డిస్‌ప్లే డ్రైవర్‌దేనని ఆయన తేల్చేశారు.

ఇక సేఫ్ మోడ్‌లోకి, అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతిలోకి వెళ్ళాలి. తెర కనిపించకుండా వెళ్ళడం ఎలా? మామూలుగా అయితే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఇస్తే చాలట. నాకు ఆ దారి లేదు కాబట్టి లోగో రాగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపించారు, ఇలా రెండుసార్లు. ఇది ఊరికే చెయ్యకూడదు, వేరే దారి లేనప్పుడే అని గట్టిగా చెప్పారు. మూడోసారి ఆన్ చేస్తే రిపేర్ తెర వచ్చింది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఇలా ఒక్కొక్కటీ నొక్కుతూ వెళ్తుంటే ఉన్నట్టుండి బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. ఆ పేరు కూడా నేనెప్పుడూ వినలేదు. టెన్షన్‌తో చేతులు వణికాయి.

మాస్టారు మాత్రం తొణకలేదు. "ఇది డేటా దొంగలపాలు కాకుండా వేసిన తాళం, తాళంచెవి ల్యాప్‌టాప్ ఎవరి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టారో వాళ్ళ దగ్గర ఉంటుంది" అన్నారు. మా అబ్బాయి అకౌంట్ అది. వాడు బెంగళూరులో ఉంటాడు, పదకొండు గంటలకి నిద్ర లేపాను. వాడు ఫోన్‌లోనే అకౌంట్ తెరిచి, తెర మీద కనిపిస్తున్న కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు సరిపోయాయో లేదో చూసుకుని, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చదివాడు. చేతికందిన శాంపిల్ శుభలేఖ వెనక రాసుకున్నాను, పసుపు అంచున్న కార్డు. మూడో గుంపులో 6ని 0గా రాశాను, ఒప్పుకోలేదు, వాడు మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. రెండోసారి తలుపు తెరుచుకుంది. ఆ కార్డు ఇప్పుడు ఆర్డర్ల పుస్తకానికి పిన్ను కొట్టి ఉంది.

నాలుగు నొక్కితే సేఫ్ మోడ్. అక్షరాలు ఇంతింత లావున, నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని రాసి, నా డెస్క్‌టాప్! తొమ్మిది ఫోల్డర్లూ అక్కడే ఉన్నాయి. ఏడుపొచ్చేసింది. ఆయన మాత్రం "ఏమీ ముట్టుకోకు, ముందు కాపీ" అన్నారు. పక్క జిరాక్స్ షాపు అన్నయ్య తలుపు కొట్టి పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాను. ఆ టైములో విసుక్కోకుండా 64 జీబీది కొత్తది తీసిచ్చారు, అన్నయ్యా మీకూ నా నమస్కారం. ఫైళ్ళు, ఫాంట్లు అన్నీ దాంట్లోకి వెళ్ళాకే అసలు పని మొదలైంది.

ముందు ఆ అప్‌డేట్ల సాఫ్ట్‌వేర్ పీకించారు. తర్వాత డివైస్ మేనేజర్‌లో, అంటే కంప్యూటర్ భాగాలు, వాటి డ్రైవర్ల జాబితాలో, డిస్‌ప్లే అడాప్టర్స్, దాని ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, అందులో పాత డ్రైవర్‌కి తిప్పే రోల్ బ్యాక్ డ్రైవర్. ఎందుకు వెనక్కి వెళ్తున్నావని అడిగితే ఏదో ఒక కారణం టిక్కు పెట్టి ఎస్ అన్నాను. రీస్టార్ట్. లోగో, చుక్కలు, ఆ తర్వాత నా వాల్‌పేపర్, ద్వారకా తిరుమల వెంకన్న. అప్పటికి అర్ధరాత్రి దాటింది.

వైఫై పోయిందని అప్పుడు తెలిసింది. డివైస్ మేనేజర్‌లో దాని పక్కన పసుపు త్రికోణం, కోడ్ 10, అంటే ఆ పరికరం మొదలవడం లేదని. దానికి రోల్ బ్యాక్ బటన్ మసకగా ఉంది, నొక్కబడలేదు. మాస్టారు దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయించారు, డ్రైవర్ కూడా తీసెయ్యమనే గడిలో టిక్కు పెట్టించి. ఆ తర్వాత స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్ నొక్కితే విండోస్ తన దగ్గర దాచుకున్న పాత డ్రైవర్‌ని తనే తెచ్చి పెట్టుకుంది. ఒకవేళ అదీ కుదరకపోతే ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వైఫై లేకున్నా నెట్ వస్తుందని, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మన మోడల్ నంబరు కొట్టి సరైన డ్రైవర్ దించుకోవచ్చని చెప్పారు. ఇది రాసి పెట్టుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

టచ్‌ప్యాడ్, బ్లూటూత్ కూడా అలాగే సర్దుకున్నాయి. మిగతా 23 మాత్రం ముట్టుకోనివ్వలేదు. బాగా నడుస్తున్నదాని జోలికి పోవద్దన్నారు.

అసలు 27 డ్రైవర్లు పాతవెలా అయ్యాయి మాస్టారూ, ల్యాప్‌టాప్ కొని ఏడాదేగా అని మర్నాడు అడిగాను. ఆయన ఒక దాని డ్రైవర్ డేట్ చూడమన్నారు. 2006 జూన్ 21 అని ఉంది. ఇంకోదానికి 1968 జులై 18! అప్పటికి నేను పుట్టనే లేదు. విండోస్‌తో పాటు వచ్చే డ్రైవర్లకి మైక్రోసాఫ్ట్ కావాలనే 2006 తేదీ వేస్తుందట, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఉంటే దానిదే పైచేయి కావాలని. ఇంటెల్‌వాళ్ళు చిప్‌సెట్ ఫైళ్ళకి వేసే 1968 జులై 18 ఆ కంపెనీ పుట్టినరోజట, అదీ ఇందుకే. అంటే తేదీ పాతది అయినంత మాత్రాన డ్రైవర్ పాతది కాదు. నేను వేసిన సాఫ్ట్‌వేర్ తేదీలు చూసి నన్ను భయపెట్టిందేమోనని ఆయన అనుమానం. ఆ సంగతి విన్నాక నాకు నిజంగా కోపం వచ్చింది, నాలాంటి ఎంతమంది ఆ ఆకుపచ్చ బటన్ నొక్కుతున్నారో!

ఇంకో సందేహం కూడా అడిగాను, పేజ్‌మేకర్ ఆగిపోతే పేజ్‌మేకరే ఆగుతుంది, డ్రైవర్ తప్పయితే మొత్తం సిస్టమ్ ఎందుకు పడిపోతుందని. డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌లో, అంటే విండోస్ గర్భగుడిలో పనిచేస్తాయట, అక్కడ తప్పు జరిగితే డేటా పాడవకుండా ఉండాలని విండోస్ తనంతట తానే ఆగిపోతుందట. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా 85 లక్షల కంప్యూటర్లు ఇలాగే నీలం తెరతో ఆగిపోయాయని, శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారని గుర్తుచేశారు. ఆ సాఫ్ట్‌వేర్‌కి కూడా డ్రైవర్‌లాగే లోపలిదాకా ప్రవేశం ఉంది. అంత పెద్ద దెబ్బకి కూడా చాలాచోట్ల చేసింది ఇదేనట: సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, కొత్తగా వచ్చిన ఆ ఒక్క ఫైలు తీసెయ్యడం. అక్కడ కూడా చాలామందిని ఆపింది బిట్‌లాకర్ కీయే. వాళ్ళెవరూ ఫార్మాట్ కొట్టుకుంటూ కూర్చోలేదు కదమ్మా అన్నారు.

ఇక సౌండు సంగతి. కింద స్పీకర్ బొమ్మ నొక్కి, పక్కన బాణం నొక్కమన్నారు. సౌండు మానిటర్‌కి వెళ్తోంది, ఆ మానిటర్‌కి స్పీకర్లే లేవు. ల్యాప్‌టాప్ స్పీకర్ ఎంచుకోగానే వాయిస్ మెసేజ్ వినిపించింది. డ్రైవర్‌తో సంబంధమే లేదు.

ఆ తర్వాత ఇంకో గంట కూర్చుని సిస్టమ్ ప్రొటెక్షన్ చూపించారు. అది ఆఫ్‌లో ఉంది, ఆన్‌లో ఉండుంటే రిస్టోర్ పాయింట్‌తో, అంటే ముందే దాచుకున్న పాత సెట్టింగ్స్‌కి సిస్టమ్‌ని తిప్పేసి, పని ఇంకా తేలికయ్యేది. ఆన్ చేసి ఒకటి పెట్టాం. ఉన్న డ్రైవర్లన్నీ పీఎన్‌పీయుటిల్ అనే కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయించారు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద కనిపించే డ్రైవర్లు ఏదైనా ఇబ్బంది ఉంటేనే, అదీ ఒక్కొక్కటే వేసి, రీస్టార్ట్ చేసి, ఒకరోజు పని చేసుకుని చూశాక ఇంకోటి వెయ్యమన్నారు. ముహూర్తాల సీజన్‌లో విండోస్ అప్‌డేట్స్ ఐదు వారాలదాకా పాజ్ చేసుకోవచ్చట, కానీ శాశ్వతంగా ఆపకూడదు, సెక్యూరిటీవి రావాలి కదా. బయోస్ (విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రాము) అప్‌డేట్ మాత్రం ఛార్జర్ పెట్టకుండా, బిట్‌లాకర్‌ని కాసేపు సస్పెండ్ చెయ్యకుండా మొదలుపెట్టొద్దని రెండుసార్లు చెప్పారు.

మాస్టారూ, రెండు రాత్రులు మీ నిద్ర పాడు చేశాను. మీరు ఒక్కసారి కూడా "ఎందుకు నొక్కావు" అనలేదు. డబ్బులు ఇస్తానంటే ఫోన్ పెట్టేశారు. వచ్చే నెల మీ మనవరాలి అన్నప్రాశన అని మాటల్లో అన్నారు, ఆ కార్డులు నేనే వేస్తాను, డబ్బుల మాట ఎత్తొద్దు. పాప పేరు, తిథి, భోజనాల టైము వాయిస్ మెసేజ్‌లో పంపండి, ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో వినిపిస్తుంది.