షూమర్ గారూ, ఆ బేరంలో మా పద్దు ఎక్కడ జారిపోయింది?

అమెరికా సెనేట్‌లో డెమోక్రాటిక్ పార్టీ నాయకులు శ్రీ చార్లెస్ షూమర్ గారికి,

నమస్కారాలు. మీకు తెలుగు రాదని తెలిసే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఏళ్ల తరబడి ఇంగ్లీషులో పెట్టుకున్న వినతులకు మా ప్రాంతపు ప్రజాప్రతినిధి కార్యాలయం నుంచి వచ్చిన జవాబులన్నీ ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. ఒకసారైతే నేను వీసాల గురించి రాస్తే, రహదారుల మీద నా అభిప్రాయం తెలియజేసినందుకు ధన్యవాదాలు చెప్పారు. మా భాషలో రాస్తే మావాళ్లయినా చివరిదాకా చదువుతారన్నది ఈసారి నా ఆశ.

గ్రీన్ కార్డుల కోసం ఏళ్లుగా వరుసలో నిలబడ్డ మాలాంటివాళ్ల పద్దు కూడా ఉన్న, బైడెన్ గారి హయాంలో మీ పార్టీ తెచ్చిన భారీ ఖర్చుల బిల్లు 'బిల్డ్ బ్యాక్ బెటర్' గురించి మీకు చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పినట్లే అవుతుంది కనుక ఆ పని చేయను. ఒక్క కాగితాన్ని మాత్రం గుర్తుచేస్తాను. 2021 జూలై 28న మీరూ, పశ్చిమ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ గారూ ఒకే పేజీ మీద సంతకాలు పెట్టారు. బిల్లు 1.5 లక్షల కోట్ల డాలర్లు దాటకూడదన్నది అందులో ఆయన పెట్టిన షరతుల్లో ఒకటి. ఆ షరతుల్లో చాలావాటి విషయంలో జోకు నచ్చజెప్పి చూస్తానని మీరు మీ సంతకం దగ్గర చేతిరాతతో చేర్చుకున్నారు. ఆ కాగితం సెప్టెంబరు 30న బయటపడింది. ఈలోగా రెండు నెలలపాటు మీ పార్టీ వేదికలన్నీ 3.5 లక్షల కోట్ల డాలర్ల బిల్లు పాటే పాడాయి, మేం వింటూ కూర్చున్నాం. అసలు లెక్క మీ జేబులో ఉందని మాకు తెలియదు. మీ పార్టీలోనే చాలామందికి తెలియదని తరువాత విన్నాక మా అజ్ఞానానికి కొంత ఊరట దొరికింది.

రాజీ పడినందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. సభలో 50 మందికి 50 మంది ఉన్నప్పుడు మీ వైపు కూర్చున్న ప్రతి సెనేటరూ ఒక ముఖ్యమంత్రే. సంకీర్ణాల కాలంలో పెరిగిన తెలుగువాడికి ఆ సంగతి ఎవరూ వివరించనక్కరలేదు. నా బాధంతా ఆ బేరంలో దేనిని దేనికి ఇచ్చేశారన్నదే.

2021 నవంబరు 19న ప్రతినిధుల సభ 220–213 ఓట్లతో ఆమోదించి మీకు పంపిన బిల్లులో మాకు సంబంధించిన రెండు పద్దులు ఉన్నాయి. 1992 నుంచి ప్రభుత్వం జారీ చేయకుండా వృథా చేసిన గ్రీన్ కార్డులను తిరిగి లెక్కలోకి తెచ్చుకోవడం ఒకటి. ప్రయారిటీ డేటు, అంటే వరుసలో పేరు ఎక్కిన తేదీ, పడి రెండేళ్లు దాటిన ఉద్యోగి 5,000 డాలర్ల అదనపు రుసుము కడితే వార్షిక పరిమితితో నిమిత్తం లేకుండా కార్డు ఇవ్వడం రెండవది. ఈ దేశాన్ని మేం ఒక్క డాలరు అడగలేదు, మేమే ఎదురు డబ్బు ఇస్తామన్నాం. ఆ శరదృతువులో ఈ పద్దుకు ఎంత విలువ ఉందో కూడా మీకు తెలియనిది కాదు. సెప్టెంబరు 30న ముగిసిన ఆర్థిక సంవత్సరంలోనే సుమారు 66 వేల ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఎవరికీ అందకుండా మురిగిపోయాయి. మాంచిన్ గారి కాగితం బయటపడిన రోజూ అదే. పత్రికల్లో ఒక వార్త మొదటి పేజీకి ఎక్కింది, రెండవది మా వాట్సాప్ గ్రూపులకే పరిమితమైంది.

తరువాతి కథ త్వరగానే ముగిసింది. పత్రాలు లేని వలసదారుల కోసం మీరు పెట్టిన ప్రతిపాదనను సభా నియమాలు చూసి చెప్పే అధికారి అయిన సెనేట్ పార్లమెంటేరియన్ డిసెంబరు 16న మూడవసారీ కాదన్నారు. మూడు రోజులు గడిచాయో లేదో, మాంచిన్ గారు ఆదివారం టీవీ కార్యక్రమంలో కూర్చుని మొత్తం బిల్లుకే ఓటు వేయలేనని చెప్పేశారు.

ఆ మొదటి కాగితం మీద సంతకాలై సరిగ్గా ఏడాదికి ఒక రోజు తక్కువగా, 2022 జూలై 27న, మీరిద్దరూ మళ్లీ ఒక ఒప్పందం ప్రకటించారు. అది ఆగస్టు 7న ఉపాధ్యక్షురాలి ఓటుతో 51–50గా గట్టెక్కి 'ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం' అయింది. అందులో ఎవరికి ఏం దక్కిందో చూడండి. బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బు నిధికి వెళ్లే పన్ను శాశ్వతమైంది. అది న్యాయమే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అరిజోనా సెనేటర్ కిర్‌స్టెన్ సినీమా గారి మాట మీద పెట్టుబడి నిధుల నిర్వాహకుల పన్ను రాయితీ భద్రంగా మిగిలింది, ఆ ప్రాంతపు కరువుకు 400 కోట్ల డాలర్లు వచ్చాయి. మాంచిన్ గారు కోరిన గ్యాస్ పైప్‌లైనుకు వేరే మాట ఇచ్చారు, 2023లో అదీ చట్టంలోకి ఎక్కింది. మాట నిలబెట్టుకోవడం మీకు చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఓటు ఉన్నవాళ్ల పద్దులు కూడా పోయాయి, కాదనను. పిల్లల పేరిట నెలనెలా వచ్చిన సొమ్ము 2021 డిసెంబరుతోనే ఆగిపోయింది, వేతనంతో కూడిన సెలవు బిల్లులోనే మిగిలిపోయింది. అయితే వాటి కోసం మీ సభ్యులు సభలో గొంతు చించుకున్నారు. మా పద్దు చివరి చట్టంలో ఎందుకు లేదో చెప్పినవారు నాకు ఎక్కడా కనిపించలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మేం అడిగాం, మా చేతిలో ఓటు లేదంతే.

ఇక మా ఇంటి సంగతి. నా ప్రయారిటీ డేటు 2015 మార్చి, ఉన్నత విద్యావంతులైన ఉద్యోగులు నిలబడే ఇ.బి.–2 వరుస. ఏడాదికి 1,40,000 ఉద్యోగ ఆధారిత కార్డులు, ఒక్కో దేశానికి 7 శాతం గీత; ఇది 1990 నాటి చట్టం. ఏ తేదీవాళ్ల దాకా వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలకోసారి వచ్చిన రాత్రి మా గ్రూపులో "కదిలిందా?" అని ఒకరు అడుగుతారు, "లేదు" అని ఇంకొకరు అంటారు, అంతటితో నెల గడిచిపోతుంది. 2022 సెప్టెంబరులో తేదీ 2014 డిసెంబరు 1 దాకా వచ్చింది. ఇంకొక్క నాలుగు నెలలు కదిలితే మా వంతని నా భార్య వైద్య పరీక్షల ఫారాలు కూడా అచ్చు వేసి పెట్టింది. అక్టోబరు బులెటిన్‌లో అది 2012 ఏప్రిల్‌కు వెనక్కి పోయింది. ఆ ఫారాలు ఇప్పటికీ బియ్యం డబ్బా పక్క డ్రాయరులోనే ఉన్నాయి.

అయిదేళ్ల వయసులో ఈ దేశానికి వచ్చిన మా అమ్మాయికి 2024లో 21 నిండాయి. ఆ రోజుతో నా వీసా మీద ఆధారపడే హక్కు పోతుంది కనుక అంతకుముందే విద్యార్థి వీసాకు దరఖాస్తు పెట్టాం. తను బడికి వెళ్లిన ఊళ్లోనే తను విదేశీ విద్యార్థిని అయింది. ఆ ఫారంలో స్వదేశపు చిరునామా రాయాలి. తను రెండు వేసవులు మాత్రమే గడిపిన ఖమ్మంలోని మా అమ్మ ఇంటి చిరునామా రాయమన్నాను. ఇంటి నంబరు నాకే గుర్తు రాక ఫోను చేస్తే, "నంబరెందుకురా, పోస్టుమ్యానుకు పేరు చెబితే చాలు కదా" అంది అమ్మ. మీ ప్రభుత్వపు ఫారం పోస్టుమ్యాను మాట ఒప్పుకోదని ఆవిడకు చెప్పడానికి చాలాసేపు పట్టింది. పక్క గదిలో అమ్మాయి అంతా వింటూనే ఉంది, ఏమీ అనలేదు.

అయ్యా, 2013లో సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించిన వలస సంస్కరణ బిల్లు రాసిన ఎనిమిది మందిలో మీరొకరు. దేశాలవారీ గీతను చెరిపేయాలని అప్పుడు మీరే రాశారు. కాబట్టి మా సమస్య మీకు తెలియదని నేను అనుకోలేను; తెలిసీ చివరి నిమిషంలో చిల్లర కింద వదిలేశారనే అనుకోవలసి వస్తోంది. ఇప్పుడు సభలో మీకు మెజారిటీ లేదని తెలుసు. ఉన్న రోజుల్లో ఏమైందో కూడా తెలుసు. అయినా అడుగుతున్నాను. వృథా అయిన కార్డుల పద్దునైనా విడిగా ఒక చిన్న బిల్లుగా పెట్టండి. అది చేతకాకపోతే, తల్లిదండ్రులతో చట్టబద్ధంగా వచ్చిన పిల్లల వయసును దరఖాస్తు పెట్టిన రోజు దగ్గరే ఆపే ఒక్క వాక్యమైనా ఏదో ఒక చట్టంలో చేర్చండి. అదీ కుదరకపోతే, 2022 జూలైలో మీరిద్దరూ కూర్చున్న గదిలో మా పద్దు పేరు ఎవరైనా ఎత్తారో లేదో, అదొక్కటి చెప్పండి. ఎత్తలేదన్నా ఫరవాలేదు, మా అమ్మాయి అడిగితే చెప్పడానికి నాకొక జవాబు ఉంటుంది.

జవాబు ఇంగ్లీషులో రాసినా చదువుకుంటాను. అచ్చువేసిన జవాబైతే మాత్రం దయచేసి పంపకండి, డ్రాయరులో చోటు లేదు.

భవదీయుడు,
టెక్సస్‌లో ఉంటున్న ఒక ఖమ్మం వాడు