పద్దెనిమిది దాటితే ఎవరు నేర్పుతారు?

సంపాదకుడికి,

మా అబ్బాయికి 19 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది. చొక్కా గుండీలు తనంతట తాను పెట్టుకోవడం నేర్చుకునేసరికి ఏడు నెలలు పట్టింది. మొదట్లో పై గుండీ నేను పెడితే మిగతావి వాడు. మొన్న అన్నీ వాడే పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఒకవైపు అంచు జానెడు కిందికి! ఆ వంకర చొక్కాతోనే కూరగాయలకు తీసుకెళ్లాను.

బడి వయసులో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉండేది. ఇప్పుడు ఇంటికొచ్చి నేర్పే టీచరమ్మకు ఫీజు మా జేబులోంచే. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలైంది, కాదనను. అది మందులకూ ఇంటి ఖర్చుకూ చాలదు. దివ్యాంగులకు ఉన్న లక్ష రూపాయల ఆరోగ్య బీమా ‘నిరామయ’ థెరపీకి పనికొస్తుంది గానీ, టీ పెట్టడం, చిల్లర లెక్కపెట్టడం, బస్సెక్కడం ఏ బిల్లులో రాయాలి?

నలుగురిలో కలిసి బతకడం దివ్యాంగుల హక్కని 2016 చట్టం చెబుతోంది. అది నేర్పడానికి విడిగా నిధులివ్వాలి. కనీసం మధ్యాహ్నాలు భవిత కేంద్రాల్లో పెద్ద పిల్లలకూ ఒక టీచరును పెట్టండి. వాడికింకా షూ లేసులు మిగిలాయి.

– ఒక తండ్రి, గుంటూరు