వార్షిక నివేదిక 2025-26: కాలనీ పనులు, ఫోన్‌లో పురపాలన

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పురపాలక సంఘంతో మన వ్యవహారం చాలావరకు ఫోన్ మీదే నడిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరును (95523 00009) మనవాళ్లు బాగానే వాడుకున్నారు. కాలనీలోని ఇంజినీరింగ్ పిల్లలు ఆదివారాలు గుడి అరుగు మీద కూర్చుని పెద్దవాళ్లకు ఓపిగ్గా నేర్పించారు. వాళ్లకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇంటి పన్ను కట్టడానికి అసెస్‌మెంట్ నంబరు కావాలి, అది పాత రసీదు మీద ఉంటుంది. ఫొటో తీసి దాచుకోండి. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంది, వదులుకోవద్దు.

ఎక్కువ శ్రమ పడింది పింఛన్ల దగ్గర. 4,000 రూపాయల పింఛను ఒకటో తారీఖున ఇంటికే వస్తోంది, అది పెద్ద మేలు. కానీ మూడో వీధిలో ఒక మామ్మగారికి ఏళ్ల తరబడి విస్తళ్లు కుట్టి వేలిగీతలు అరిగిపోయాయి. వార్డు సచివాలయం అమ్మాయి తడిబట్టతో బొటనవేలు తుడిచి ఎన్నిసార్లు పెట్టించినా ముద్ర పడలేదు. చివరికి కుర్చీతో సహా వాకిట్లో వెలుతురులోకి తీసుకొచ్చి, “ఒక్కసారి కళ్లార్పండి మామ్మా” అని ముఖం స్కాన్ చేస్తే పనైంది. అప్పటినుంచి ప్రతి వీధికీ ఒక కాలనీ వాలంటీరు ఒకటో తారీఖు ఉదయం అందుబాటులో ఉంటున్నారు. యంత్రం గుర్తుపట్టలేదని ఏ పెద్దావిడా టెన్షన్ పడకూడదని కమిటీ గట్టిగా అనుకుంది.

కాలువల సంగతి వేరు. ఫిర్యాదు పెట్టిన మర్నాడే ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. వెళ్లి చూస్తే పూడిక తీసి కాలువ గట్టునే పోశారు. రాత్రి వాన పడగానే అదంతా మళ్లీ లోపలికే జారింది. దోమలు తగ్గలేదు, ఫోన్‌లో మాత్రం ఫిర్యాదు ముగిసిపోయింది. రెండోసారి ఫొటోలో కరెంటు స్తంభం నంబరు కనపడేలా తీసి, శానిటేషన్ కార్యదర్శిని పిలిచి చూపించాకే ట్రాక్టరు వచ్చి పూడిక ఎత్తుకెళ్లింది. ఇకపై ఫిర్యాదు ఫొటోలన్నీ ఇలాగే తీయండి. చోటు ఏదన్న వాదనే ఉండదు.

వీధిదీపాలు పగలు కూడా వెలుగుతుంటే చెప్పి టైమర్ సరిచేయించాం. జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, వాటి కాపీ నోటీసు బోర్డు మీద ఉంది.

రెండు జాగ్రత్తలు. పన్ను బకాయి అనో, చలానా అనో వచ్చే ఏపీకే (ఫోన్‌లో యాప్ ఎక్కించే) ఫైళ్లు తెరవకండి. కాలనీ గ్రూపులో ఆధార్ కార్డుల ఫొటోలు పెట్టకండి. ఇదివరకు పెట్టినవి తీసేయించాం. సాయం కావాలంటే వాలంటీరుకు నేరుగా కార్డు చూపిస్తే చాలు.

సర్వసభ్య సమావేశం ముందుకు కమిటీ ఒక తీర్మానం తెస్తోంది: ఫిర్యాదు చేసినవాళ్లు సరేననకుండా దాన్ని మూసేయకూడదని పురపాలక కమిషనరు గారిని రాతపూర్వకంగా కోరదాం. సంతకాల పుస్తకం గుడి దగ్గర ఉంది. ఇంటికి ఒక్కరైనా వచ్చి సంతకం చేయండి.

ఇట్లు,
కార్యదర్శి, కాలనీ నివాసుల సంక్షేమ సంఘం